పుట్టేనాటికే పాతబడిన స్టేషన్

తీగ లేని తంతి – 9వ భాగం

(ఇంతవరకు: 1901 డిసెంబర్‌లో మార్కోనీ సంకేతం అట్లాంటిక్ దాటింది. విద్యుత్ రవ్వలతో పనిచేసే వైర్‌లెస్ యంత్రాలు ఓడలెక్కాయి. 1912లో టైటానిక్ మునిగిన రాత్రి వందలమంది బతికి బయటపడ్డారంటే ఆ రవ్వల పుణ్యమే. కానీ రవ్వకు ఒక జబ్బుంది. ఒక స్టేషన్ నోరు విప్పితే చుట్టుపక్కల స్టేషన్లన్నిటి చెవుల్లో హోరు. ఆ జబ్బుకు మందు ఎలా దొరికిందో, ఆ మందు చివరికి ఎక్కడ మిగిలిందో ఈ భాగంలో.)

స్వీడన్ పడమటి తీరాన వార్‌బెర్గ్ అని ఒక పట్నం ఉంది. అక్కడి నుంచి సముద్రానికి వీపు తిప్పి ఓ పది కిలోమీటర్లు లోపలికి వెళ్తే గ్రిమెటన్. పొలాలూ పచ్చిక బయళ్లూ తప్ప పెద్దగా ఏమీ లేని పల్లె. ఆ పొలాల మధ్య ఒకే వరసలో ఆరు ఉక్కు టవర్లు నిలబడి ఉంటాయి. ఒక్కోటి 127 మీటర్ల ఎత్తు. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య 380 మీటర్ల దూరం. ప్రతి టవర్ నెత్తిన 46 మీటర్ల అడ్డదూలం, ఆ దూలాల మీదుగా సాగిపోయే తీగలు. కొత్తగా చూసినవాళ్లు హైటెన్షన్ కరెంటు లైను అనుకుంటారు. కాస్త నిదానించి చూస్తే తెలుస్తుంది, ఆ తీగలు ఏ ఊరికీ వెళ్లవు. ఆరో టవర్ దగ్గర ఆగిపోతాయి.

రెండు కిలోమీటర్లకు పైగా పొడవున్న ఈ తీగల వరసే ఒక యాంటెన్నా. దాని కింద భవనంలో ఉన్న యంత్రం పేరు అలెగ్జాండర్సన్ ఆల్టర్నేటర్. స్టేషన్ పిలుపు గుర్తు ఎస్‌ఏక్యూ. 2004లో యునెస్కో ఈ స్టేషన్‌ను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కోటలూ గుళ్లూ ఉండే ఆ జాబితాలో ఒక టెలిగ్రాఫ్ స్టేషన్ చోటు సంపాదించడం అరుదైన సంగతే.

మ్యూజియాలుగా మారిన రేడియో స్టేషన్లు ప్రపంచంలో ఇంకా ఉన్నాయి. కొన్నిచోట్ల భవనం మిగిలింది, యంత్రం పోయింది. కొన్నిచోట్ల యంత్రం ఉంది, కదలదు. మార్కోనీ అట్లాంటిక్ దాటించిన సంకేతం బయల్దేరిన పోల్డూలో ఇప్పుడు ఒక స్మారక స్తంభమూ, ఒక చిన్న ప్రదర్శనశాలా ఉన్నాయి, అంతే. గ్రిమెటన్‌లో మాత్రం యంత్రం ఇప్పటికీ తిరుగుతుంది. సందేశం పంపుతుంది. వేల కిలోమీటర్ల అవతల ఎవరో ఒకరు దాన్ని వింటారు కూడా.

ఈ స్టేషన్ ఇలా నిలవడానికి దాని గొప్పతనం కారణం కాదు. నిజానికి ఇది తలుపులు తెరిచేనాటికే వెనకబడిపోయిన స్టేషన్. అయినా ఎందుకు మిగిలిందో తెలుసుకోవాలంటే లోపలికి వెళ్లి ఒక్కో గదీ చూడాల్సిందే. అంతకన్నా ముందు, దీన్ని ఇక్కడ ఎందుకు కట్టారో చూద్దాం.

పరాయి ఇంటి మీదుగా వెళ్లే తీగ

1914 ఆగస్టు 5. బ్రిటన్ జర్మనీ మీద యుద్ధం ప్రకటించి ఇంకా ఒక రోజు నిండలేదు. అలర్ట్ అనే బ్రిటిష్ కేబుల్ ఓడ సముద్రంలోకి వెళ్లి, జర్మనీని బయటి ప్రపంచంతో కలిపే సముద్రగర్భ కేబుళ్లను పైకిలాగి కోసేసింది. బ్రిటన్ తుపాకీ పేలకముందే జర్మనీ నోరు కట్టేసినట్టయింది.

స్వీడన్ ఆ యుద్ధంలో తటస్థ దేశం. అయితే మాత్రం ఏం లాభం? అమెరికాకు టెలిగ్రాం ఇవ్వాలంటే అది బ్రిటన్ చేతుల్లో ఉన్న కేబుళ్ల మీదుగానే పోవాలి. అక్కడ సెన్సార్ వాళ్లు చదవాలి, వాళ్లకు తీరిక దొరకాలి, అప్పుడు ముందుకు కదలాలి. వ్యాపారుల బేరాలు ఈలోగా చల్లారిపోయేవి. ఇంకో తలనొప్పి కూడా వచ్చిపడింది. కేబుళ్లు పోయిన జర్మనీ తన రహస్య సందేశాల్లో కొన్నిటిని స్వీడన్ విదేశాంగ శాఖ టెలిగ్రాంల చాటున పంపించేది. లండన్‌లో రూమ్ 40 అనే గూఢలిపి విభాగం వాటిని పట్టుకుని చదివేసేది. స్వీడన్ పరువు ఇరు పక్షాల మధ్యా నలిగింది.

దీనికితోడు అమెరికాతో స్వీడన్‌కు ఉన్నది వ్యాపార బంధం ఒక్కటే కాదు, రక్తసంబంధం. 19వ శతాబ్దం మధ్య నుంచి 1930 దాకా సుమారు 13 లక్షల మంది స్వీడన్ వాళ్లు అట్లాంటిక్ దాటి వెళ్లిపోయారు. అన్నదమ్ముల్లో ఒకరు అక్కడ లేని కుటుంబం చాలా పల్లెల్లో కష్టం మీద దొరికేది. వాళ్లకు చేరే కబురు మధ్యలో ఎవరి దయా అక్కర్లేకుండా నేరుగా పోవాలంటే, ఎవరూ కొయ్యలేని దారి కావాలి. అది గాలి దారి. 1920లో స్వీడన్ పార్లమెంటు ఒక పెద్ద వైర్‌లెస్ స్టేషన్ కట్టాలని నిర్ణయించింది.

గ్రిమెటన్‌ను ఎంచుకోవడంలో భూగోళ శాస్త్రం ఉంది. ఈ స్టేషన్ వాడే పొడుగు తరంగాలు నేల మీదకన్నా ఉప్పునీటి మీద తక్కువ నష్టంతో ప్రయాణిస్తాయి. గ్లోబు మీద గ్రిమెటన్ నుంచి న్యూయార్క్‌కు దారం బిగించి పట్టుకుంటే, అది నార్వేకూ డెన్మార్క్‌కూ మధ్యనున్న సముద్రం వైపు సాగి, స్కాట్లాండ్‌కు ఉత్తరంగా అట్లాంటిక్‌లోకి దిగుతుంది. దారిలో దాదాపు అంతా నీళ్లే.

ఒక పళ్లెం, 488 గాడులు

ఇప్పుడు ట్రాన్స్‌మిటర్ హాల్లోకి వెళ్దాం. కార్ల్ ఓకెర్‌బ్లాద్ అనే ఆర్కిటెక్ట్ గీసిన భవనం ఇది. బయటి నుంచి చూస్తే పాత గ్రీకు, రోమన్ కట్టడాల పోలికలో నిండుగా ఉంటుంది. ఇది ఫ్యాక్టరీ కాదు, దేశం ముఖద్వారం అన్న ధీమా ఆ గోడల్లో కనిపిస్తుంది.

లోపల మధ్యలో ఉన్నదే అసలు యంత్రం. ఒక పక్క 500 హార్స్‌పవర్ మోటారు, మధ్యలో గేర్లపెట్టె, అవతల ఉక్కు కవచంలో ఆల్టర్నేటర్. రేడియో యంత్రమంటే వాల్వులూ బుగ్గలూ ఉంటాయనుకుని వచ్చినవాళ్లు ఇక్కడ కాస్త తికమకపడతారు. ఇది చూడటానికి కరెంటు తయారుచేసే జనరేటర్‌లా ఉంటుంది. అవును, అదే. రేడియో తరంగాన్ని నేరుగా తిప్పి పుట్టించే జనరేటర్.

దీని గుండెకాయ 1.6 మీటర్ల వ్యాసమున్న ఒక ఉక్కు పళ్లెం. దాని మీద ఒక్క చుట్టు రాగి తీగ కూడా ఉండదు. అంచు పొడుగునా 488 గాడులు కోసి ఉంటాయి. గాడికీ గాడికీ మధ్య ఉక్కు పన్ను. గాడులను ఖాళీగా వదిలేస్తే పళ్లెం తిరిగేటప్పుడు గాలిని చిలికి శక్తి వృథా అవుతుంది. అందుకని వాటిని అయస్కాంతానికి లొంగని లోహంతో నింపి, అంచును నున్నగా చేశారు. పళ్లేనికి రెండు వైపులా కదలని తీగచుట్లు. వాటికీ పళ్లేనికీ మధ్య సందు ఒక మిల్లీమీటర్ ప్రాంతం.

పళ్లెం తిరిగినప్పుడు ఉక్కు పన్ను ఎదురుగా వస్తే అయస్కాంత బలం పెరుగుతుంది, గాడి వస్తే తగ్గుతుంది. పెరిగి తగ్గిన ప్రతిసారీ తీగచుట్టులో ఒక కంపనం. ఇక లెక్క సులువే. పళ్లెం నిమిషానికి 2,115 సార్లు తిరుగుతుంది, అంటే సెకనుకు ముప్పై అయిదు చుట్లకు కాస్త ఎక్కువ. దాన్ని 488తో గుణిస్తే సెకనుకు దాదాపు 17,200 కంపనాలు. ఎస్‌ఏక్యూ స్టేషన్ పౌనఃపున్యం 17.2 కిలోహెర్ట్జ్ అనేది ఈ గుణకారంలోంచి పుట్టిందే. ఆ వేగంలో పళ్లెం అంచు గంటకు 600 కిలోమీటర్లకు పైగా వేగంతో పరుగెడుతుంది, అదీ మిల్లీమీటర్ సందులో. బేరింగులు వేడెక్కి పళ్లెం వెంట్రుకవాసి పక్కకు జరిగితే యంత్రం తనను తానే కోసుకుంటుంది. అందుకే మోటారు తిప్పేముందు నూనె పంపులు తిప్పాలి, చల్లబరిచే నీళ్లు పారించాలి. భవనం ముందున్న నీటి కొలను కనులపండువకోసం తవ్వింది కాదు, ఈ యంత్రం వేడి దిగడానికి.

ఈ పళ్లేనికి రూపం ఇచ్చినవాడు ఎర్నెస్ట్ అలెగ్జాండర్సన్. 1878లో స్వీడన్‌లోని ఉప్సాలాలో పుట్టాడు. స్టాక్‌హోమ్‌లో, బెర్లిన్‌లో ఇంజనీరింగ్ చదివాడు. ఏసీ కరెంటు మీద చార్లెస్ స్టైన్‌మెట్జ్ రాసిన పుస్తకం చదివి ముగ్ధుడై, ఆ మహానుభావుడు పనిచేసే చోటే పనిచేయాలని 1901లో అమెరికా ఓడెక్కాడు. షెనెక్టడీలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో కుదురుకున్నాడు. పొట్టకూటికి వలసపోయిన లక్షలమందిలో ఇతనొకడు. ఇతని వలసకు మాత్రం కారణం ఒక పుస్తకం.

అప్పట్లో రెజినాల్డ్ ఫెసెండెన్ అనే కెనడా శాస్త్రవేత్త ఒక విచిత్రమైన ఆర్డరు ఇచ్చాడు. ఇళ్లకు వచ్చే కరెంటు సెకనుకు 60 సార్లు ఊగితే, తనకు లక్షసార్లు ఊగే జనరేటర్ కావాలన్నాడు. రవ్వలు పుట్టించే తరంగం టపటపా పేలి ఆరిపోతుంది. ఫెసెండెన్‌కు కావలసింది ఎక్కడా తెగని, నున్నటి, ఏకధాటి తరంగం. అలాంటి తరంగం తన వరసలో తాను పోతుంది, పక్కవాళ్ల చెవులు హోరెత్తించదు. ఆ పని కుర్రవాడైన అలెగ్జాండర్సన్ నెత్తిన పడింది. 1906 నాటికి మొదటి యంత్రం తయారైంది. ఆ ఏడాది క్రిస్మస్‌కు ఫెసెండెన్ మాటనూ పాటనూ ప్రసారం చేశాడని చెబుతారు. నిజంగా చేశాడా లేదా అన్న వాదన చరిత్రకారుల మధ్య ఇప్పటికీ తేలలేదు. యంత్రం మాత్రం నిజం.

దాన్ని పెంచుకుంటూ పోయి 1918 నాటికి అలెగ్జాండర్సన్ 200 కిలోవాట్లకు చేర్చాడు. అమెరికాలోని న్యూ బ్రన్స్‌విక్ స్టేషన్‌లో పెట్టిన అతని ఆల్టర్నేటర్ల ద్వారానే ఆ ఏడాది అధ్యక్షుడు విల్సన్ మాట ఐరోపాకు చేరింది. యుద్ధం అయ్యాక మార్కోనీ కంపెనీ ఈ యంత్రాలను గంపగుత్తగా కొనడానికి వచ్చింది. ఇంత శక్తి బ్రిటిష్ కంపెనీ చేతికి పోకూడదని అమెరికా నౌకాదళం అడ్డుపడింది. ఆ పెనుగులాట ఫలితమే 1919 అక్టోబర్‌లో పుట్టిన ఆర్‌సీఏ కంపెనీ. గ్రిమెటన్‌కు ఈ యంత్రాలు అమ్మింది ఆ కంపెనీయే. స్వీడన్ తన బిడ్డ చేసిన యంత్రాన్ని అమెరికా నుంచి కొనుక్కుంది.

1923లో అలెగ్జాండర్సన్ ఇంట్లో జరిగిన ఒక సంగతి చెప్పకుండా ముందుకు పోలేం. ఆరేళ్ల కొడుకును ఎవరో ఎత్తుకుపోయారు. జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ల సొంత రేడియో స్టేషన్ డబ్ల్యూజీవై పిల్లవాడి ఆనవాళ్లు చెబుతూ ప్రకటన ప్రసారం చేసింది. అది విన్న శ్రోత ఒకరు తనకు తెలిసిన ఇంట్లో ఉన్న పిల్లవాణ్ని గుర్తుపట్టి కబురు పెట్టారు. బిడ్డ క్షేమంగా ఇల్లు చేరాడు. రేడియో అంటే ఓడలకూ సైన్యాలకూ పనికొచ్చేదని అనుకునే రోజుల్లో, అది ఒక తండ్రికి కొడుకును తెచ్చిపెట్టింది. ఆ తండ్రి రేడియో ఇంజనీరే కావడం చరిత్ర చేసిన చమత్కారం.

మీట నొక్కేది ఎక్కడో

హాల్లో అంతా తిరిగి చూసినా టెలిగ్రాంలు రాసుకునే బల్లల వరస కనబడదు. ఎందుకంటే ఆపరేటర్లు ఇక్కడ లేరు. వాళ్లు సుమారు 70 కిలోమీటర్ల దూరంలోని గోథెన్‌బర్గ్ టెలిగ్రాఫ్ ఆఫీసులో కూర్చునేవారు. అక్కడ మీట నొక్కితే తీగ మీదుగా ఆ కదలిక గ్రిమెటన్ చేరేది. ఇక్కడి ఇంజనీర్ల పని యంత్రాన్ని తప్పుదారి పట్టకుండా తిప్పుతూ ఉండటమే.

ఆ పని అనుకున్నంత తేలిక కాదు. మీట నొక్కగానే వందల కిలోవాట్ల బరువు యంత్రం మీద పడుతుంది, వదలగానే పోతుంది. బరువు పడ్డప్పుడల్లా పళ్లెం వేగం నూటికి ఒక పాలు తగ్గినా తరంగం 172 హెర్ట్జ్ పక్కకు జారిపోతుంది. అట్లాంటిక్ అవతల కూర్చున్న ఆపరేటర్ చెవికి సంకేతం చిక్కదు. అందుకే వేగాన్ని క్షణక్షణం సరిచూసే ఏర్పాటు ఒకటి యంత్రానికి జతచేశారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. అంత పెద్ద కరెంటును చుక్కకీ గీతకీ చేత్తో తెంచి కలపడం అయ్యే పనేనా? మంటలు లేస్తాయి. దీనికి అలెగ్జాండర్సన్ కనిపెట్టిన ఉపాయం అయస్కాంత యాంప్లిఫయర్. పెద్ద కరెంటు పారే తీగచుట్టును ఇనప దిమ్మ మీద చుట్టి, అదే దిమ్మ మీద ఇంకో చిన్న చుట్టు పెట్టాడు. చిన్న చుట్టులో కొద్దిపాటి కరెంటు మారిస్తే చాలు, దిమ్మ స్వభావం మారి పెద్ద కరెంటు పోవాల్సిన దారి మారిపోతుంది. చెరువు తూము దగ్గర నీరటి వాడు ఒక్క చేత్తో తూముకర్ర ఎత్తి వందల ఎకరాల నీటిని నడిపినట్టే ఇదీ. నీళ్ల బలంతో అతను తలపడడు, దారిని మారుస్తాడంతే.

యాంటెన్నాలోనూ ఇలాంటి తెలివే కనబడుతుంది. 17.2 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు పదిహేడు కిలోమీటర్లకు పైమాటే. దానికి తగ్గ యాంటెన్నా నిలబెట్టాలంటే ఆకాశంలోకి నాలుగు కిలోమీటర్లు కట్టాలి. 127 మీటర్ల టవర్ దాని ముందు మరుగుజ్జు. అలాంటి పొట్టి యాంటెన్నాలోకి శక్తి పంపితే చాలావరకు నేలను వేడిచేయడానికే ఖర్చవుతుంది. అలెగ్జాండర్సన్ ఆ తీగల వరసను ఒకచోట కాకుండా ఆరు టవర్ల దగ్గరా పెద్ద తీగచుట్ల ద్వారా నేలకు దింపాడు. దారులు ఆరయ్యేసరికి నేలలో నష్టం బాగా తగ్గింది. టవర్ల పాదాల దగ్గర ఆ చుట్లు ఇప్పటికీ చూడొచ్చు. హెన్రిక్ క్రూగెర్ అనే ఇంజనీరు రూపొందించిన ఈ టవర్లు కట్టేనాటికి స్వీడన్‌లో అంతకన్నా ఎత్తైన కట్టడమే లేదు.

రాజుగారు వచ్చేసరికి

1924 డిసెంబర్ 1న స్టేషన్ పని మొదలుపెట్టింది. 1925 జూలై 2న అయిదో గుస్తావ్ రాజు వచ్చి లాంఛనంగా ప్రారంభించాడు. అలెగ్జాండర్సన్ కూడా ఆ సభలో ఉన్నాడు. రాజుగారు అమెరికా అధ్యక్షుడు కూలిడ్జ్‌కు టెలిగ్రాం పంపాడు. మధ్యలో ఎవరి సెన్సారూ లేకుండా కబురు అవతలి ఒడ్డు చేరింది. పదకొండేళ్ల అవమానానికి ఆ రోజుతో సమాధానం దొరికింది.

కానీ అప్పటికే ఈ యంత్రాల కాలం చెల్లిపోతోంది. పక్క హాల్లో ఉన్న షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్లే దానికి సాక్ష్యం. ఆల్టర్నేటర్‌తో పోలిస్తే ఇవి బీరువాల్లాంటి పెట్టెలు, తర్వాతి దశాబ్దాల్లో వచ్చి చేరినవి.

ఆ కథ వెనక కాస్త వేళాకోళం ఉంది. 200 మీటర్లకన్నా పొట్టిగా ఉండే తరంగాలు దూర ప్రయాణానికి పనికిరావని పెద్ద కంపెనీలు, ప్రభుత్వాలు తీర్మానించి, వాటిని సరదాకి రేడియో ఆడుకునే హామ్‌లకు వదిలేశాయి. పారేసిన ముక్క కదా అని హామ్‌లు చిన్నబుచ్చుకోలేదు. 1921 డిసెంబర్‌లో అమెరికా హామ్‌ల సంకేతాలు స్కాట్లాండ్‌లోని ఆర్డ్రోసన్‌లో వినబడ్డాయి. 1923 నవంబర్ నాటికి అటూ ఇటూ సంభాషణే జరిగింది. పొట్టి తరంగాలు పైకి వెళ్లి, వాతావరణం పైపొరల్లో తగిలి, వంగి కిందికి దిగుతున్నాయని తేలింది. దానికి ఆరు టవర్లు అక్కర్లేదు. 200 కిలోవాట్లు అక్కర్లేదు. గిర్రున తిరిగే ఉక్కు పళ్లెం అసలే అక్కర్లేదు. వాల్వులు చాలు. మార్కోనీ కంపెనీ షార్ట్‌వేవ్ బీమ్ పద్ధతితో 1926లో కెనడాను, 1927లో ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా, ఇండియాలను లండన్‌తో కలిపేసింది.

అంటే గ్రిమెటన్ ప్రారంభోత్సవానికి పిలుపులు పంచేనాటికే దాని పోటీదారు గెలిచేసినట్టు లెక్క. అలెగ్జాండర్సన్ ఆల్టర్నేటర్లు తయారైనవి ఇరవై లోపే. అమెరికాలోనూ, హవాయిలోనూ, వేల్స్‌లోనూ, పోలండ్‌లోనూ పెట్టినవి ఒక్కొక్కటే మూగబోయాయి. వార్సా దగ్గర బాబిట్సే స్టేషన్‌లో ఇలాంటివే పది టవర్లుండేవి. 1945 జనవరిలో వెనక్కి పారిపోతూ జర్మన్ సైన్యం వాటిని పేల్చేసింది. గ్రిమెటన్‌లోనూ మొదట రెండు యంత్రాలుండేవి. తర్వాతి రోజుల్లో ఒకదాన్ని తుక్కు కింద తీసేశారు. రెండోది కూడా ఆ దారినే పోవాల్సింది.

నీటి కింద చెవి

దాన్ని కాపాడింది ఎవరి అభిమానమో మాత్రమే కాదు, సముద్రం కూడా.

ఉప్పునీళ్లు కరెంటును బాగా పారనిస్తాయి. అందుకే రేడియో తరంగం నీటిలోకి దిగగానే నీరు దాన్ని మింగేస్తుంది. ఎంత వేగంగా మింగుతుందనేది తరంగం పొడవును బట్టి ఉంటుంది. 10 మెగాహెర్ట్జ్ షార్ట్‌వేవ్ తరంగం ఎనిమిది సెంటీమీటర్ల లోతుకే మూడో వంతుకు పడిపోతుంది. అదే 17.2 కిలోహెర్ట్జ్ తరంగం అంత క్షీణించడానికి దాదాపు రెండు మీటర్లు పడుతుంది. బలమైన స్టేషన్ అయితే పది, ఇరవై మీటర్ల లోతున ఉన్న చెవికి కూడా దాని మాట అందుతుంది. అంత లోతున చెవి పెట్టుకుని తిరిగేది జలాంతర్గామి.

పైకి తేలితే శత్రువుకు దొరికిపోతుంది. మునిగే ఉంటే ఆజ్ఞ అందదు. ఈ చిక్కుకు విరుగుడు పొడుగు తరంగమే. పోటీలో ఓడిపోయి మూలపడ్డ గ్రిమెటన్ స్టేషన్‌కు 1950ల తర్వాత కొత్త పని దొరికింది. అమెరికా టెలిగ్రాంలు ఆగిపోయాయి, స్వీడన్ నౌకాదళం తన జలాంతర్గాములకు సందేశాలు పంపడానికి ఈ స్టేషన్‌ను వాడుకుంది. 1990ల దాకా యంత్రం ఆ కొలువులోనే ఉంది.

ఇక్కడే ఈ స్టేషన్ కథలో మర్మం ఉంది. నీటిలోకి దిగే గుణం కోసం అలెగ్జాండర్సన్ దీన్ని తయారుచేయలేదు. రాజుగారు దానికోసం రిబ్బను కత్తిరించలేదు. అప్పట్లో ఈ పొడుగు తరంగం ఒక తప్పనిసరి భారం. దానివల్లే టవర్లు అంత పెద్దవయ్యాయి, ఖర్చు అంత పెరిగింది, షార్ట్‌వేవ్ ముందు ఓడిపోయింది. ఓడించిన ఆ గుణమే తర్వాత అన్నం పెట్టింది. కొలువులో ఉన్న యంత్రానికి నూనె పోస్తారు, తుడుస్తారు, విడిభాగం అరిగితే కొత్తది చేయిస్తారు. మూలపడ్డ దానికి ఎవరూ చేయరు. నలభై ఏళ్ల నౌకాదళ కొలువు వల్లే 1990ల్లో వారసత్వం గురించి ఆలోచించే మనుషులు వచ్చేసరికి యంత్రం ఇంకా తిరిగే స్థితిలో ఉంది.

తిప్పడం తెలిసినవాళ్లు

భవనాలు, టవర్లు, షార్ట్‌వేవ్ యాంటెన్నాలు, సిబ్బంది ఇళ్లు అన్నీ కలిపి దాదాపు 110 హెక్టార్ల స్థలం ఇప్పుడు వారసత్వ పరిధిలో ఉంది. సందర్శకుల కేంద్రంలో స్టేషన్ కథ చెప్పే ప్రదర్శనలున్నాయి. గైడ్ వెంట హాలు మొత్తం చూడొచ్చు. సిబ్బంది ఇళ్ల వరసను కూడా వదలకుండా కాపాడటం బాగుంది. ఇలాంటి స్టేషన్ పట్నానికి దూరంగానే ఉండాలి కాబట్టి పనిచేసేవాళ్లు అక్కడే కాపురముండేవారు. యంత్రం ఒక్కటే మిగిల్చి ఇళ్లు పడగొడితే, దాని చుట్టూ బతికిన బతుకులు చెరిగిపోతాయి.

అయితే ఇక్కడ దాచిన వాటిలో అన్నిటికన్నా విలువైనది అద్దాల పెట్టెలో పెట్టగలిగేది కాదు. అది యంత్రాన్ని తిప్పడం తెలిసిన చేతివాటం. ముందు నూనె, తర్వాత నీళ్లు, ఆ తర్వాత మోటారు, నెమ్మదిగా వేగం, చెవిని బట్టి పళ్లెం మోత, ముల్లును బట్టి యాంటెన్నా కరెంటు. ఈ వరస కాగితం మీద రాసిపెట్టొచ్చు గానీ, చేస్తూ చూపించేవాళ్లు లేకపోతే కాగితం కాగితంగానే ఉండిపోతుంది. స్టేషన్ అభిమానుల సంఘం ఒకటి ఈ పనిని భుజాన వేసుకుంది. పాత సిబ్బంది దగ్గర నేర్చుకున్నవాళ్లు కొత్తవాళ్లకు నేర్పుతున్నారు.

జూలై 2కు దగ్గరి ఆదివారాన్ని అక్కడ అలెగ్జాండర్సన్ దినంగా జరుపుతారు. ఆ రోజు జనం మధ్య యంత్రాన్ని తిప్పుతారు. క్రిస్మస్ ముందురోజు ఉదయం కూడా తిప్పడం ఆనవాయితీ. సందేశం పంపాల్సిన సమయానికి సుమారు అరగంట ముందే పని మొదలవుతుంది. మోటారు గుర్రు మొదట నేలలో తెలుస్తుంది, తర్వాత చెవికి చేరుతుంది. వేగం పుంజుకున్న కొద్దీ ఆ మోత సన్నబడి ఈలగా మారుతుంది. తరంగం సరైన చోట కుదురుకున్నాక ఆపరేటర్ మోర్స్‌లో ముందు వి అక్షరాన్ని మళ్లీ మళ్లీ పంపుతాడు. తర్వాత అందరికీ పిలుపు, ఎస్‌ఏక్యూ అన్న పేరు, చిన్న సందేశం.

దాన్ని వినేవాళ్ల సంగతి ఇంకా ముచ్చటైనది. 17.2 కిలోహెర్ట్జ్ అనేది మనిషి చెవి వినగలిగే శబ్దాల హద్దు లోపలే ఉంది. ఇది శబ్దం కాదు, రేడియో తరంగం, కాబట్టి నేరుగా చెవికి వినబడదు. కానీ పాటలూ మాటలూ పట్టుకోవడానికి చేసిన కంప్యూటర్ సౌండ్ కార్డుకు ఆ తేడా తెలియదు. నాలుగు చుట్ల రాగి తీగో, పొడుగాటి వైరో దానికి తగిలించి, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ఒక సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే చాలు, ల్యాప్‌టాపే రిసీవర్ అయిపోతుంది. ఐరోపా అంతటా హామ్‌లు, కుర్రకారు ఆ రోజు పొలాల్లోకీ డాబాల మీదకీ ల్యాప్‌టాప్‌లు పట్టుకుని వెళ్తారు. కరెంటు లైన్ల రొదకు దూరంగా ఉంటేనే సంకేతం చిక్కుతుంది మరి. విన్నవాళ్లు ఆ సంగతి స్టేషన్‌కు రాసి పంపిస్తారు. వందేళ్ల కింద పొట్టి తరంగాలతో ఈ స్టేషన్‌ను పాతచింతకాయ చేసింది హామ్‌లు. ఇవాళ దాని మాట వినడానికి తెల్లవారకముందే లేచి కూర్చునేదీ హామ్‌లే.

విశాఖ నుంచి దామగుండం దాకా

ఇదంతా ఎక్కడో స్వీడన్ ముచ్చట అనుకోవడానికి వీల్లేదు. విశాఖలో ఆర్కే బీచ్‌కు వెళ్లినవాళ్లు కురుసుర జలాంతర్గామి లోపలికి వెళ్లే ఉంటారు. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విశ్రాంతి తీసుకుని, 2002 నుంచి మ్యూజియంగా ఒడ్డున కూర్చున్న పడవ అది. ఆ ఇరుకు దారిలో నడుస్తూ టార్పెడోలనూ పెరిస్కోపునూ అందరూ చూస్తారు. రేడియో గది ముందు ఆగేవాళ్లు తక్కువ. గ్రిమెటన్ లాంటి స్టేషన్ నోరైతే ఇలాంటి పడవ చెవి. నోరు ఒక దేశంలో, చెవి ఇంకో దేశంలో మ్యూజియాలయ్యాయి. రెండూ చూస్తేగానీ కథ పూర్తి కాదు.

మన నౌకాదళానికి ఆ నోరు తమిళనాడులోని తిరునల్వేలి జిల్లాలో ఉంది. 1990లో మొదలైన ఐఎన్‌ఎస్ కట్టబొమ్మన్ అనే ఆ స్థావరం టవర్లు 471 మీటర్ల ఎత్తుతో దేశంలోనే అత్యంత పొడవైన కట్టడాల్లో చేరాయి. రెండో స్టేషన్‌కు నౌకాదళం ఎంచుకున్న చోటు తెలంగాణలోని దామగుండం అడవి. వికారాబాద్ జిల్లా పూడూరు మండలంలో సుమారు 2,900 ఎకరాల్లో కట్టబోయే ఈ కేంద్రానికి 2024 అక్టోబర్ 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు. చుట్టుపక్కల ఊళ్లలో దీన్ని రాడార్ స్టేషన్ అంటున్నారు. చేసే పని మాత్రం రాడార్‌ది కాదు, ఎస్‌ఏక్యూ ఒకప్పుడు చేసినదే, జలాంతర్గాములకు అతి పొడుగు తరంగాల మీద కబురు పంపడం. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో నౌకాదళానికి ఏం పని అని చాలామంది అడిగారు. ఆ తరంగాలకు అంత దూరం ఒక లెక్క కాదు. అంత స్థలం ఎందుకని కూడా అడిగారు. తరంగం పొడవు కిలోమీటర్లలో ఉన్నప్పుడు యాంటెన్నాకూ అంత మేర నేల కావాలి. ఇది ఫిజిక్స్ చెప్పే జవాబు. అడవిలో చెట్లు పోతాయని పర్యావరణ కార్యకర్తలు, స్థానికులు లేవనెత్తిన ప్రశ్నకు ఫిజిక్స్ దగ్గర జవాబు లేదు. దానికి జవాబు చెప్పాల్సింది పాలకులు.

వందేళ్ల నాడు స్వీడన్ పార్లమెంటు అంత ఖర్చుకు ఒప్పుకున్నది అమెరికాలోని చుట్టాలకు టెలిగ్రాంలు పంపుకోవడానికి. ఆ పనికి ఇవాళ సెల్‌ఫోన్ చాలు. కట్టినవాళ్లు ఊహించని పని ఒకటి మధ్యలో వచ్చి ఆ స్టేషన్‌ను బతికించింది. ఏ యంత్రం దేనికి పనికొస్తుందో కట్టిన రోజున తేల్చేయడం ఎవరివల్లా కాదు. అందుకే కొలువు అయిపోయిన ప్రతిదాన్నీ వెంటనే తుక్కు వ్యాపారికి అప్పగించే ముందు, దాన్ని నడపడం తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారా అని ఒకసారి వాకబు చేయడం మంచిది. ఇనుము తర్వాతైనా దొరుకుతుంది, ఆ మనుషులు దొరకరు.

(వచ్చే భాగం: గ్రిమెటన్‌ను ఓడించిన షార్ట్‌వేవ్ బీమ్ 1927లో మన దేశానికి ఎలా వచ్చింది? పూనా దగ్గరి ఖడ్కీ, దౌండ్ స్టేషన్లు లండన్‌తో మాట్లాడటం మొదలుపెట్టాక సముద్రగర్భ కేబుల్ కంపెనీల గుండెల్లో రైళ్లెందుకు పరుగెత్తాయి?)